ఇరవై ఏడు దేశాల ఉమ్మడి రక్షణ విధానం: ఆర్డరు ఎవరిస్తారు, ఖర్చు ఎవరు పెడతారు?

రీఫర్_భీమవరం · మంగళవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారమండి. భీమవరం దగ్గర ఓ రొయ్యల ప్లాంటులో డిస్పాచ్ చూస్తుంటాను. 2024 మొదట్లో యూరప్ వెళ్ళే మా కంటైనర్లు సూయజ్ కాలువ దారి వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలెట్టాయి. యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు ఎర్ర సముద్రంలో ఓడల మీద క్షిపణులు వేస్తున్నారని అప్పటికే తెలుసు. ప్రయాణం పది పన్నెండు రోజులు పెరిగింది, కిరాయి పెరిగింది, ఆ భారం చుట్టూ తిరిగి చెరువు గట్టు దగ్గర రైతుకిచ్చే రొయ్యల కౌంటు రేటు మీద పడింది.

నాకు అర్థం కానిదేమిటంటే, ఆ ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ 'ఆస్పిడెస్' పేరుతో సొంతంగా ఒక నౌకాదళ ఆపరేషన్ మొదలుపెట్టింది. యూనియన్ ఒక దేశం కాదు, దానికి సైన్యం లేదు. మరి ఆ యుద్ధనౌకలు ఎవరివి? కెప్టెన్‌కి ఆర్డరు ఎవరిచ్చారు? ఆయిల్ డబ్బులు ఎవరు కట్టారు? అమెరికా నాయకత్వంలో ఇంకో కూటమి అప్పటికే అక్కడ తిరుగుతోంది కదా, రెండోది ఎందుకు? పేపర్లో రెండు లైన్లు వేసి వదిలేస్తారు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. మాలాంటి వాళ్ళ బతుకుతెరువు ఆ దారి మీదే ఉంది.

పాలకొల్లు_టు_హేగ్ · మంగళవారం రాత్రి 11:35

నౌకలు ఆయా దేశాలవేనండి. యూనియన్‌కి సొంత నౌక ఒక్కటీ లేదు. 27 దేశాల మంత్రులు కూర్చునే మండలి 2024 ఫిబ్రవరి 8న ఆపరేషన్‌ను ఏర్పాటు చేసింది, 19న ప్రారంభించింది. ఇలాంటి నిర్ణయానికి అందరి సమ్మతీ కావాలి, మెజారిటీ చాలదు. నడిపే కార్యాలయం గ్రీసులోని లారిసాలో పెట్టారు. గ్రీస్, ఇటలీ, ఫ్రాన్స్, జర్మనీ లాంటివి నౌకలు పంపాయి. స్పెయిన్ మాత్రం 'మేం రాం, కానీ మిమ్మల్ని ఆపం' అంది. ఒప్పుకోవడం వేరు, పాల్గొనడం వేరు. ఈ వ్యవస్థ అంతా ఆ తేడా మీదే నడుస్తుంది.

డబ్బు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మొదటి ఏడాదికి ఉమ్మడి ఖర్చు కింద పెట్టింది 80 లక్షల యూరోలు. కార్యాలయం, కమ్యూనికేషన్లు, అలాంటి వాటికి. దాన్ని దేశాలు తమ జాతీయాదాయం దామాషాలో పంచుకుంటాయి. నౌక, సిబ్బంది జీతాలు, ఇంధనం, పేల్చే క్షిపణులు అన్నీ పంపిన దేశం నెత్తినే. ఆస్టర్ క్షిపణి ఒక్కటే పది లక్షల యూరోలు దాటుతుంది. అంటే ఉమ్మడి డబ్బు మొత్తం పెట్టినా పట్టుమని పది క్షిపణులు రావు.

రెండో కూటమి ఎందుకంటే, అమెరికా, బ్రిటన్ జనవరి 12 నుంచి యెమెన్ నేల మీద దాడులు మొదలుపెట్టాయి. చాలా యూరప్ దేశాలకు అందులో ఇరుక్కోవడం ఇష్టం లేదు. ఆస్పిడెస్‌కి ఇచ్చిన అనుమతి రక్షణకే పరిమితం: వచ్చే డ్రోన్‌నీ క్షిపణినీ కూల్చవచ్చు, ఓడల వెంట కాపలాగా వెళ్ళవచ్చు, ఒడ్డు మీద కొట్టకూడదు.

కోటిపల్లి_రేవు · బుధవారం ఉదయం 6:48

అంటే పేరు యూనియన్‌ది, ఖర్చు ఎవరిది వాళ్ళది, ఇష్టముంటే రావచ్చు లేకపోతే ఇంట్లో కూర్చోవచ్చు. దీనికి ఉమ్మడి రక్షణ విధానం అని పేరు దేనికండీ? ఇన్ని దశాబ్దాలు యూరప్‌ని కాపాడింది అమెరికా సైన్యం, అమెరికా అణ్వాయుధాలు. మిగతావన్నీ యూనియన్ కేంద్రం బ్రస్సెల్స్‌లో కాగితాలు. నాకు వాళ్ళ మీద కోపమేమీ లేదు, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి.

యానాం_ఫెర్రీ · బుధవారం ఉదయం 8:20

రేవు గారూ, అలా ఎందుకు తయారైందో తెలియాలంటే 1954కి వెళ్ళాలి. మా యానాంలో ఆ ఏడాది గురించి చెప్పనక్కర్లేదు. నవంబరు 1న ఫ్రెంచి పాలన పోయి భారతదేశం చేతికి వచ్చాం. దానికి రెండు నెలల ముందు, ఆగస్టు 30న, అదే ఫ్రాన్స్ జాతీయ సభ పారిస్‌లో ఇంకో ఓటు వేసింది. యూరప్ రక్షణ కథంతా ఆ ఓటు దగ్గర మలుపు తిరిగింది.

1950లో కొరియా యుద్ధం మొదలవగానే పశ్చిమ జర్మనీకి మళ్ళీ ఆయుధాలు ఇద్దామని అమెరికా పట్టుబట్టింది. హిట్లర్ పోయి అయిదేళ్ళే అయింది. ఆక్రమణ చూసిన ఫ్రెంచివాళ్ళకి ఆ మాట వింటేనే ఒళ్ళు జలదరించి ఉంటుంది. ప్రధాని రెనె ప్లెవెన్ మధ్యేమార్గం కనిపెట్టారు: జర్మన్ సైనికులు ఉంటారు, జర్మన్ సైన్యం ఉండదు. ఆరు దేశాల దళాలు కలిపి ఒకే యూరప్ సైన్యం, ఒకే బడ్జెట్, పైన ఒక రక్షణ మంత్రి. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ 1952 మే 27న సంతకాలు కూడా చేసేశాయి. నాలుగు దేశాల పార్లమెంట్లు ఆమోదించాయి. ప్రతిపాదన తెచ్చిన ఫ్రాన్సే 319–264 ఓట్లతో దాన్ని పక్కన పడేసింది. అప్పటికి స్టాలిన్ పోయాడు, కొరియాలో కాల్పులు ఆగాయి, వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూలో ఓడిపోయి ఫ్రాన్స్ సైన్యం పరువు పోయి ఉంది. ఆ సమయంలో జెండా, సైన్యం కూడా ఇంకొకరితో పంచుకోమంటే సభ ఒప్పుకోలేదు. ఏం జరగకూడదని ఇంత తంటా పడ్డారో అదే జరిగింది. 1955 మేలో పశ్చిమ జర్మనీ సొంత సైన్యం పెట్టుకునే హక్కుతో, అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి అయిన నాటోలో చేరింది.

ఆ దెబ్బ తర్వాత దాదాపు నలభై ఏళ్ళు యూరప్ సమాజం, అంటే ఇప్పటి యూనియన్‌కి ముందటి రూపం, రక్షణ జోలికే వెళ్ళలేదు. బొగ్గు, ఉక్కు, గోధుమలు, సుంకాలు చూసుకుంది. 1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందంలో ఉమ్మడి విదేశాంగ, భద్రతా విధానం అన్న మాట రాశారు. అదే సమయంలో బోస్నియా తగలబడుతుంటే ఆపలేకపోయారు. ఆ అవమానం తర్వాతే 1998 డిసెంబరులో బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్, ఫ్రాన్స్ అధ్యక్షుడు జాక్ షిరాక్ సాన్-మలోలో కూర్చుని 'యూనియన్‌కి సొంతంగా కదిలే సైనిక శక్తి ఉండాలి' అని ప్రకటించారు. ఏడాది తిరిగేలోగా హెల్సింకీలో లక్ష్యం పెట్టుకున్నారు: 60 రోజుల్లో 60,000 మందిని దింపగలగాలి, ఏడాదిపాటు నిలబెట్టగలగాలి. 2003లో మాసిడోనియాలో మొదటి సైనిక ఆపరేషన్ మొదలైనప్పుడు వెళ్ళింది కొన్ని వందల మంది.

అందుకే ఇప్పటి ఏర్పాట్లలో ఎక్కడ చూసినా సైన్యం దేశం చేతిలోనే ఉంటుంది. 1954లో వచ్చిన భయమే ఇప్పటికీ ఒప్పందాలు రాయిస్తోందని నేను నమ్ముతాను.

లంక_అరటి · బుధవారం ఉదయం 9:05

మాకు తెలిసిన భాషలో చెప్తాను. 1986 ఆగస్టు వరదలో ఏటిగట్టు మీద రాత్రుళ్ళు కాపలా కాసినవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు. గట్టు ఏ ఊరి దగ్గర తెగినా నీళ్ళు ఆ ఊరితో ఆగవు. అందుకే పక్క ఊరి గట్టు మీదికి కూడా మనవాళ్ళు ఇసుక బస్తాలు మోసుకెళ్తారు. కూటమి అంటే ఇదే కదా? ఇందులో అంత తికమక ఏముంది?

పాలకొల్లు_టు_హేగ్ · బుధవారం మధ్యాహ్నం 1:40

అరటి గారూ, గట్టు మీద అందరికీ వరద ఒకవైపు నుంచే వస్తుందండి. యూరప్‌లో తికమకంతా అక్కడే మొదలవుతుంది. ఎస్టోనియా, పోలండ్ తూర్పుకి తిరిగి రష్యాను చూస్తాయి. ఇటలీ, స్పెయిన్ దక్షిణానికి తిరిగి లిబియానూ, సహారా అవతలి నుంచి వచ్చే పడవలనూ చూస్తాయి. గ్రీస్, సైప్రస్‌లకి టర్కీ భయం, ఆ టర్కీ ఏమో నాటోలో సాటి సభ్య దేశం. నా పక్క సీట్లో కూర్చునే లిథువేనియా అమ్మాయి ఇంట్లో మూడు రోజుల నీళ్ళు, పొడి ఆహారం ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకుంటుంది. అదే టీములో పోర్చుగల్ కుర్రాడికి ఆ ఆలోచనే రాదు. ఇద్దరూ ఒకే యూనియన్ పౌరులు.

కాబట్టి ఉమ్మడి విధానం రాసే ముందు 'ప్రమాదం ఏమిటి' అన్నది తేల్చుకోవాలి. 2022 మార్చిలో వచ్చిన 'స్ట్రాటెజిక్ కంపాస్' అనే పత్రానికి ముందు సరిగ్గా అదే చేశారు. 2020లో దేశాల నిఘా సంస్థలు ఇచ్చిన సమాచారంతో, రాబోయే ప్రమాదాల మీద మొదటిసారి ఒక ఉమ్మడి అంచనా తయారుచేశారు. నాకు నచ్చిన విషయం, దాన్ని మంత్రుల ముందు పెట్టి వాక్యం వాక్యం బేరమాడించలేదు. అలా చేసుంటే ప్రతి దేశం తన శత్రువుని పైకి, పక్క దేశం శత్రువుని కిందికి జరిపేది. అంచనా వేరు, దాని మీద తీసుకునే రాజకీయ నిర్ణయం వేరు అని గీత గీశారు. పత్రం పూర్తయ్యే సమయానికి రష్యా ఉక్రెయిన్ మీద పడింది, చివరి వారాల్లో చాలా భాగం తిరగరాయాల్సి వచ్చింది.

గౌతమి_లెక్చరర్ · బుధవారం సాయంత్రం 5:15

అమలాపురంలో పొలిటికల్ సైన్స్ చెప్తాను. ఒక విషయం చేర్చాలి, ఎందుకంటే పిల్లలు నాటోనీ యూనియన్‌నీ కలిపేస్తుంటారు.

రెండింటిలోనూ 'ఒకరి మీద దాడి జరిగితే మిగతావాళ్ళు వస్తారు' అనే నిబంధన ఉంది. నాటోలో అది 1949 ఒప్పందంలోని 5వ అధికరణం. అది చదివితే చాలామంది ఆశ్చర్యపోతారు: ప్రతి దేశం తనకు అవసరమనిపించిన చర్య తీసుకుంటుంది అని ఉంటుంది, సైన్యం పంపి తీరాలని లేదు. యూనియన్‌లో అది లిస్బన్ ఒప్పందంతో 2009 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చిన 42వ అధికరణం, 7వ ఖండం. అక్కడ మాట ఇంకా గట్టిది, 'తమ శక్తి మేరకు అన్ని విధాలా' సాయం చేయాలి అని. వెంటనే ఇంకో వాక్యం: కొన్ని దేశాల ప్రత్యేక రక్షణ విధానానికి దీనివల్ల భంగం రాదు. అది ఐర్లండ్, ఆస్ట్రియా, మాల్టా లాంటి తటస్థ దేశాల కోసం పెట్టింది.

మాట గట్టిది యూనియన్‌ది, బలం గట్టిది నాటోది. నాటో వెనక నిత్యం పనిచేసే కమాండ్ ఉంది, ముందే రాసిపెట్టుకున్న యుద్ధ ప్రణాళికలున్నాయి, అమెరికా ఉంది. 42(7)ని మొదట వాడింది ఫ్రాన్స్, 2015 నవంబరు పారిస్ దాడుల తర్వాత. అప్పుడు కూడా యూనియన్ కార్యాలయం ద్వారా ఏమీ జరగలేదు. ఫ్రాన్స్ ఒక్కో దేశంతో విడివిడిగా మాట్లాడుకుంది. జర్మనీ సిరియా మీద నిఘాకి టొర్నాడో విమానాలిచ్చింది, ఆఫ్రికాలోని మాలి దేశానికి అదనంగా సైనికులను పంపింది.

రేవు గారు 'అమెరికా కాపాడింది' అన్నారు, నిజమే. 5వ అధికరణాన్ని ఇప్పటిదాకా వాడింది మాత్రం ఒక్కసారే, 2001 సెప్టెంబరు 12న, అమెరికా కోసమే. ఆ తర్వాత నెలల తరబడి అమెరికా ఆకాశంలో నాటో నిఘా విమానాలు కాపలా తిరిగాయి. అందులో 13 దేశాల సిబ్బంది ఉన్నారు.

కోటిపల్లి_రేవు · బుధవారం రాత్రి 8:30

మేడమ్ గారూ, ఆ సంగతి చెప్పినందుకు సంతోషం. కానీ నా అభ్యంతరం అలాగే ఉంది. యూనియన్‌లో 1,500 మందితో 'బ్యాటిల్ గ్రూప్'లు అని పెట్టారు. 2007 నుంచి వంతులవారీగా రెండేసి దళాలు సిద్ధంగా ఉంటాయన్నారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వాటిని ఎక్కడా దింపలేదు. ఉక్రెయిన్‌కి 12 నెలల్లో పది లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామని 2023 మార్చిలో మాటిచ్చారు. గడువు నాటికి అందింది సుమారు సగం. ఉక్రెయిన్ సాయం డబ్బు హంగరీ ఒక్కటి అడ్డుపడితే నెలల తరబడి ఆగింది. అక్కడ ప్రాణాలు పోతుంటే ఇక్కడ ఏకాభిప్రాయం కోసం ఎదురుచూడటం నాకు బాధగా ఉంటుంది.

మాధవరం_సుబేదార్ · బుధవారం రాత్రి 9:50

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం మాది. ఇంటికొక ఫౌజీ ఉండే ఊరు. నేను సిగ్నల్స్‌లో చేసి రిటైరయ్యాను, మధ్యలో ఐక్యరాజ్యసమితి తరఫున కాంగోలో, గోమా వైపు, ఒక టర్మ్ చేశాను. యూరప్ సైన్యాలతో పనిచేయలేదు గానీ పలు దేశాల దళాలు కలిసి ఒకే జెండా కింద పనిచేస్తే ఎలా ఉంటుందో తెలుసు.

ఒక్క ముక్క దగ్గర నుంచి చూసింది చెప్తాను. మా బ్రిగేడ్, ఉరుగ్వే వాళ్ళు, దక్షిణాఫ్రికా వాళ్ళు ఒకే ఏరియాలో ఉన్నాం. జాయింట్ పెట్రోలింగ్ అని కాగితం మీద రాశారు. బయలుదేరే ముందు రేడియో చెక్ చేస్తే మా సెట్టు వాళ్ళ సెట్టుతో మాట్లాడదు. ఫ్రీక్వెన్సీ ఒకటే పెట్టినా ఎన్‌క్రిప్షన్ వేరు, మా కీ వాళ్ళకి ఇవ్వడానికి మాకు పర్మిషన్ లేదు. చివరికి ఏం చేశామంటే, మా హవల్దార్ ఒకడు మా సెట్టు పట్టుకుని వాళ్ళ బండిలో కూర్చున్నాడు, వాళ్ళ కుర్రాడు వాళ్ళ సెట్టుతో మా జీపులో. ఇటు నుంచి హిందీలో వస్తే ఇంగ్లీషు, అటు స్పానిష్. దారిలో ఎదురయ్యే ఊరివాళ్ళతో ఫ్రెంచి, స్వాహిలి. ఒక మామూలు 'ఎడమకి తిరగండి' అటు చేరి, అర్థమై, తిరిగి 'ఓకే' రావడానికి పట్టే టైములో ఎదురుగా ఎవరైనా కాల్పులు మొదలెడితే ఏమవుతుందా అని ప్రతి పెట్రోల్‌లో టెన్షన్ పడేవాణ్ణి.

కూటమి విధానం అంటే నాయకులు చేతులు కలిపిన ఫోటో కాదండి, ఆ రేడియో సెట్టు. నాటో చేసిన అతి పెద్ద పని ఏమిటని నన్నడిగితే, ప్రమాణాలు ఒకటి చేయడం అంటాను. తుపాకీ తూటా సైజు, విమానంలో ఇంధనం పోసే పైపు మూతి, మ్యాపు మీద గుర్తులు, గాయపడ్డవాణ్ణి తరలించమని రేడియోలో అడిగే పద్ధతి, అన్నిటికీ ఒప్పంద పత్రాలున్నాయి. ఏళ్ళ తరబడి మేజర్లూ, ఇంజనీర్లూ కూర్చుని తయారుచేసినవి. అంత చేసినా లోపాలు బయటపడ్డాయి. ఫిరంగి గుండు అందరిదీ పేరుకు 155 మిల్లీమీటర్లే. ఉక్రెయిన్‌లో చూస్తే ఒక దేశం గుండు ఇంకో దేశం ఫిరంగిలో అన్నిసార్లూ సాఫీగా పనిచేయలేదు.

బ్యాటిల్ గ్రూప్ గురించి రేవు గారు చెప్పింది నిజం. ఎందుకు దింపలేదో కూడా చెప్పాలి. ఐక్యరాజ్యసమితిలో సైనికుడికి నెలకింత అని సమితి మన ప్రభుత్వానికి తిరిగి చెల్లిస్తుంది, మనం తీసుకెళ్ళిన బండికీ, జనరేటర్‌కీ కూడా అద్దె లెక్క ఉంటుంది. యూనియన్‌లో ఎవరి వంతు నడుస్తుంటే ఖర్చు వాళ్ళదే. నా వంతు ఆర్నెల్లు గండం లేకుండా గడిస్తే చాలు అని ప్రతి ఆర్థిక మంత్రీ అనుకుంటాడు. ధైర్యం లేక కాదు, బిల్లు పంచుకునే పద్ధతి సరిగా పెట్టుకోలేదు.

పాలకొల్లు_టు_హేగ్ · గురువారం మధ్యాహ్నం 12:25

సుబేదార్ గారి పోస్టు రెండుసార్లు చదివాను. అదే దారిలో, నిజంగా పనిచేస్తున్నవి కొన్ని చెప్తాను, ఎందుకంటే ఇవి వార్తల్లో రావు.

ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియాలకు సొంత యుద్ధ విమానాలు లేవు. 2004లో నాటోలో చేరిన రోజుల నుంచే మిగతా దేశాలు వంతులవారీగా తమ ఫైటర్లు తెచ్చి అక్కడ పెడుతున్నాయి. మొదట వచ్చింది బెల్జియం. ఇరవై ఏళ్ళు దాటింది, ఒక్క వంతూ తప్పలేదు.

హంగరీలో పాపా అనే ఊళ్ళో మూడు సీ-17 పెద్ద రవాణా విమానాలున్నాయి. 12 దేశాలు కలిసి కొన్నాయి. ఏ దేశానికీ విడిగా ఒక్కటీ సొంతం కాదు. ఏడాదికి ఇన్ని ఎగిరే గంటలు అని వాటా కొనుక్కుంటారు. చిన్న దేశానికి ఏడాదిలో కొన్ని గంటలే అవసరం, దానికోసం మొత్తం విమానం కొనడం వాళ్ళవల్ల కాదు.

ఇక మా నెదర్లాండ్స్. ఇక్కడి సైన్యంలోని మూడు యుద్ధ బ్రిగేడ్లూ ఇప్పుడు జర్మన్ డివిజన్ల కింద పనిచేస్తున్నాయి. 1940లో రోటర్‌డామ్‌ని జర్మనీ బాంబులతో నేలమట్టం చేసిందని గుర్తుంటే ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. బెల్జియంతో నౌకాదళం దాదాపు ఒకటే: మందుపాతరలు ఏరే నౌకల కొనుగోలు బెల్జియం చూస్తుంది, ఫ్రిగేట్లనే యుద్ధనౌకల కొనుగోలు నెదర్లాండ్స్ చూస్తుంది, రెండు దేశాలూ రెండు రకాలూ ఒకే నమూనాలో తీసుకుంటాయి. విడిభాగాలు ఒకటే, శిక్షణ ఒకటే.

ఇవేవీ 27 దేశాలూ కలిసి చేసినవి కావు. ఇద్దరు, ముగ్గురు, పన్నెండు మంది అవసరం కలిసిన చోట మొదలెట్టినవి. 2017లో వచ్చిన 'పెస్కో' అనే చట్రం కూడా ఈ పద్ధతినే యూనియన్ గొడుగు కిందికి తెచ్చింది. ఇప్పుడు అందులో మాల్టా తప్ప మిగతా 26 దేశాలూ ఉన్నాయి, కానీ ఏ ప్రాజెక్టులో చేరాలో ఎవరిష్టం వాళ్ళది.

రీఫర్_భీమవరం · గురువారం రాత్రి 9:00

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు. ఒకటి, కాకినాడ తీరంలో అమెరికా సైనికులు వచ్చి మనవాళ్ళతో కలిసి విన్యాసాలు చేస్తున్నారు కదా, మనం కూడా కూటమిలోకి వెళ్తున్నట్టేనా? రెండు, గ్రీసులో కూర్చున్న అడ్మిరల్ చెప్తే జర్మనీ నౌక కెప్టెన్ వింటాడా? వినకపోతే?

లంక_అరటి · గురువారం రాత్రి 9:12

రెండో ప్రశ్న నాది కూడా.

గౌతమి_లెక్చరర్ · గురువారం రాత్రి 10:05

కాకినాడలో జరిగేది 'టైగర్ ట్రయంఫ్'. 2019 నవంబరులో మొదటిసారి, తర్వాత 2024లో, 2025లో కూడా. విశాఖ రేవులో కొన్నాళ్ళు, తర్వాత కాకినాడ దగ్గర సముద్రంలోంచి ఒడ్డుకి దిగడం, ఫీల్డ్ హాస్పిటల్ పెట్టడం. చెప్పుకున్న ప్రధాన ఉద్దేశం విపత్తు సహాయం, తుఫాన్లు మరిగిన మన తీరానికి అది చిన్న విషయం కాదు. కానీ ఇందులో 'నీ మీద దాడి జరిగితే నేనొస్తాను' అన్న మాట ఎక్కడా లేదు. 2016లో అమెరికాతో కుదిరిన లాజిస్టిక్స్ ఒప్పందం కూడా ఒకరి రేవులో ఒకరు ఆయిల్ పోయించుకుని తర్వాత డబ్బు కట్టుకునే ఏర్పాటు, అదీ ఎప్పటికప్పుడు అనుమతితో.

కూటమికి దగ్గరగా మనం వెళ్ళింది 1971 ఆగస్టు 9న, సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు. అందులో 9వ అధికరణం, ఎవరి మీద దాడి జరిగినా, దాడి ముప్పు వచ్చినా వెంటనే సంప్రదించుకుని తగిన చర్యలు తీసుకోవాలంటుంది. సైన్యం పంపుతామని అక్కడా రాయలేదు.

భారతదేశం ఇలా విడిగా ఉండటమే మంచిదని నా అభిప్రాయం. మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కి 2024 జనవరిలో క్షిపణి తగిలి మంటలంటుకుంటే ఆర్పడానికి వెళ్ళింది మన ఐఎన్ఎస్ విశాఖపట్నం. అందులో 22 మంది భారతీయ నావికులు. దానికి ఏ కూటమి తీర్మానమూ అవసరం పడలేదు.

కోటిపల్లి_రేవు · గురువారం రాత్రి 10:40

భారత్ విషయంలో మేడమ్ గారితో ఏకీభవిస్తాను. యూరప్ విషయంలో మాత్రం, ఈ 'అందరూ ఒప్పుకోవాలి' అన్నది తీసేస్తే తప్ప వాళ్ళు బాగుపడరు.

యానాం_ఫెర్రీ · శుక్రవారం ఉదయం 7:30

తీసేస్తే ఏమవుతుందో కూడా ఆలోచించండి. ఐర్లండ్ పిల్లల్ని యుద్ధానికి పంపే నిర్ణయం ఐర్లండ్ వద్దన్నా మెజారిటీతో జరిగిపోతే, ఆ మర్నాడే ఐర్లండ్ బయటికి పోతుంది. వీటోని చంపకుండా దాని పక్క నుంచి వెళ్ళే దారులు వాళ్ళు కనిపెట్టారు. 'నేను ఓటు వేయను, నన్ను ఇందులో కలపకండి, కానీ మీరు వెళ్ళండి' అని రాతపూర్వకంగా తప్పుకోవచ్చు. 2008లో కొసావో మిషన్‌కి సైప్రస్ అలాగే తప్పుకుంది. 2022లో ఉక్రెయిన్‌కి ప్రాణాంతక ఆయుధాలకి నిధులిచ్చేటప్పుడు తటస్థ దేశాలు అలాగే పక్కకి జరిగి, తమ వాటా ఇంధనం, రక్షణ కవచాల లాంటివాటికి పోయేలా చూసుకున్నాయి.

డబ్బు వైపు దారి ఇంకా వెడల్పైంది. 2025 మేలో 150 బిలియన్ యూరోల ఆయుధ రుణాల పథకం 'సేఫ్'ని ఆమోదించారు. అది విదేశాంగ విధానం కింద కాకుండా ఆర్థిక అత్యవసరాల అధికరణం కింద తెచ్చారు కాబట్టి మెజారిటీ సరిపోయింది. కొనే ఆయుధం విలువలో కనీసం 65 శాతం యూనియన్‌లోనో, దానితో ముడిపడ్డ కొన్ని దేశాల్లోనో, ఉక్రెయిన్‌లోనో తయారవ్వాలి. యూరప్ పార్లమెంటు తనను పక్కన పెట్టారని కోర్టుకెక్కింది, ఆ కోపం న్యాయమైనదే. ఆయుధాలు కొనడానికి మెజారిటీ, సైనికుణ్ణి పంపడానికి ఏకాభిప్రాయం. నాకు ఈ గీత సరైన చోటే పడిందనిపిస్తుంది.

గౌతమి_లెక్చరర్ · శుక్రవారం ఉదయం 8:10

నాకలా అనిపించడం లేదు. ప్రజలు ఎన్నుకున్న సభ చూడకుండా ఇంత డబ్బు ఆయుధాలకి వెళ్ళడం మంచి అలవాటు కాదు. అత్యవసరం అనే తలుపు ఒకసారి తెరిస్తే మళ్ళీ మూయడం కష్టం.

మాధవరం_సుబేదార్ · శుక్రవారం రాత్రి 9:20

రీఫర్ తమ్ముడూ, నీ రెండో ప్రశ్న మిగిలిపోయింది.

మండలి నిర్ణయం అయ్యాక రాజకీయ, భద్రతా కమిటీ అని రాయబారుల కమిటీ ఆ ఆపరేషన్‌ని చూసుకుంటుంది. దాని కింద ఆపరేషన్ కమాండర్ ప్రణాళిక రాస్తాడు. తర్వాత 'ఫోర్స్ జనరేషన్' సమావేశం పెట్టి, నాకిన్ని ఫ్రిగేట్లు, ఇన్ని హెలికాప్టర్లు కావాలని అడుగుతాడు. దేశాలు మేం ఇది ఇస్తాం అని చేతులెత్తుతాయి. అడిగినన్ని ఎప్పుడూ రావు, ఎర్ర సముద్రంలో కూడా ఒకేసారి తిరిగినవి మూడో నాలుగో.

నౌకని ఇచ్చిన దేశం దాని మీద పూర్తి అధికారం ఎవరికీ ఇవ్వదు. ఫలానా పనికి, ఫలానా కాలానికి, ఫలానా హద్దుల్లో వాడుకో అని ఆపరేషన్ కమాండర్‌కి అప్పగిస్తుంది. ఆ హద్దుల్లో ఉన్నంతసేపు గ్రీస్ అడ్మిరల్ మాట జర్మన్ కెప్టెన్ వింటాడు. హద్దు దాటిన ఆర్డరొస్తే 'మా దేశం ఒప్పుకోదు' అని ఆపే హక్కు ఆయనకుంది. మేం కాంగోలో ఉన్నప్పుడూ అంతే, కొన్ని ఆర్డర్లకి మా సీనియర్లు ఢిల్లీకి ఫోన్ చేసేవారు.

జర్మనీకి ఇంకో మెట్టు ఎక్కువ. సైన్యం బయటికెళ్ళాలంటే వాళ్ళ పార్లమెంటు ఓటు వేయాలి. హెస్సెన్ అనే ఫ్రిగేట్ 2024 ఫిబ్రవరి 8నే విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవు నుంచి బయలుదేరింది. బ్రస్సెల్స్ 19న ఆపరేషన్ ప్రారంభించినా దానికి పని చేసే అధికారం రాలేదు. 23న జర్మన్ పార్లమెంటు గరిష్ఠంగా 700 మంది సైనికులకి అనుమతి ఇచ్చాకే అది పనిలోకి దిగింది. ఆ నెలాఖరులోపే అది ఒక మిత్రదేశపు డ్రోన్ మీదికి పొరపాటున క్షిపణులు వదిలింది, అవి తగలకపోవడం అదృష్టం. రెండు కూటములు ఒకే నీళ్ళలో తిరుగుతూ, ఎవరి డ్రోన్ ఏదో అవతలివాళ్ళకి అందకపోతే జరిగేది అదే.

ఆగస్టులో సూనియన్ అనే గ్రీస్ ట్యాంకర్, సుమారు లక్షన్నర టన్నుల ముడిచమురుతో తగలబడుతూ వదిలేసి ఉంటే, సిబ్బందిని కాపాడింది ఆస్పిడెస్‌లోని ఫ్రెంచి నౌక. సెప్టెంబరులో దాన్ని లాక్కెళ్తుంటే చుట్టూ కాపలా కాసింది కూడా ఈ యూనియన్ నౌకలే. ఆ నూనె సముద్రంలో కలవలేదు.

రీఫర్_భీమవరం · శుక్రవారం రాత్రి 9:41

సుబేదార్ గారూ, ఆ సూనియన్ టైములో మా కంటైనర్ ఒకటి ఆఫ్రికా దక్షిణ కొసన కేప్ దగ్గర ఉంది. ఆపరేషన్ గడువు పొడిగించేటప్పుడు కూడా మళ్ళీ 27 మందీ ఒప్పుకోవాలా?

మాధవరం_సుబేదార్ · శుక్రవారం రాత్రి 9:58

ఒప్పుకోవాలి. 2025 ఫిబ్రవరిలో అలాగే ఇంకో ఏడాది పొడిగించారు, ఉమ్మడి ఖర్చు కోటీ 70 లక్షల యూరోలకి పెంచారు. నౌకల కోసం మాత్రం కమాండర్ మళ్ళీ ఒక్కో దేశాన్నీ విడిగా అడగాల్సిందే.